తాకట్టు పెట్టి నేర్వవలసిన విద్య కాదిది

ఇంజనీరింగు, ఎం.సి.ఏ. ముగించిన మన పిల్లలు కొందరు 'డేటా వేర్‌హౌసింగ్', 'బిజినెస్ ఇంటెలిజెన్స్' అనే మాటలు పట్టుకొని ఇంటికి వస్తున్నారు. ఆ కోర్సు చేస్తే ఉద్యోగం ఖాయమంటారు. ఫీజు ఎంతని అడిగి తెలుసుకున్న తల్లి తన చేతిగాజుల వైపు చూసుకుంటుంది. అల్లిపురంలోనూ, అక్కయ్యపాలెంలోనూ, గాజువాకలోనూ మేము తిరిగే ఇళ్లలో ఇది తరచు వినవచ్చే కథే. అబ్బాయి అయితే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదులోని అమీర్‌పేట హాస్టలుకు చేరుకుంటాడు. అమ్మాయి అయితే ఆ ప్రస్తావన అక్కడితోనే ఆగిపోతుంది. వడ్డీ విషయంలో మన హద్దులేమిటో ఎరిగిన కుటుంబాలు సైతం బంగారం కుదువపెట్టి ఈ చదువును కొంటున్నాయి. ఈ అప్పులో అధికభాగం అనవసరమని మా అభిప్రాయం.

పేరు విని బెదరవలసిన విద్య కాదిది. రెవెన్యూ కార్యాలయాలతో పరిచయమున్న వారికి జమాబందీ అంటే తెలుసు. ఏడాది పొడవునా గ్రామ లెక్కలు వేర్వేరు రిజిస్టర్లలో పడుతూ ఉంటాయి. జమాబందీనాడు వాటన్నిటినీ ఒకచోట చేర్చి, సరిచూసి, తప్పులు దిద్ది, మొత్తాలు తేలుస్తారు. డేటా వేర్‌హౌస్ చేసే పని కూడా అటువంటిదే. రోజువారీ లావాదేవీల నుంచి వివరాలను తీసుకొని, శుభ్రపరచి, ఒక కొట్టులో పేర్చి పెట్టడం దాని పని. ఆ కొట్టులోంచి అధికారికి కావలసిన జవాబును పటంగానో పట్టికగానో తీసి చూపడం బిజినెస్ ఇంటెలిజెన్స్ పని. జమా, రసీదు, తహసీలు వంటి లెక్కల మాటలు అరబీ, పారశీకాల నుంచే తెలుగులోకి వచ్చాయి. లెక్క రాయడం మనకు కొత్త వృత్తి కాదని చెప్పడానికే ఈ ముక్క.

విశాఖ రేవునే ఉదాహరణగా తీసుకుందాం. ఓడ వచ్చింది, బొగ్గో ముడి ఇనుమో ఎరువో దించింది లేదా ఎక్కించుకుంది, వెళ్లింది. ఎన్ని టన్నులు అన్నది కొలత. ఏ ఓడ, ఏ సరుకు, ఏ బెర్తు, ఏ తేదీ అన్నవి ఆ కొలతను చూసే కోణాలు. కొలతల పట్టికను మధ్యన ఉంచి, కోణాల పట్టికలను చుట్టూ అమర్చితే నక్షత్రంలా కనిపిస్తుంది గనుక దానిని 'స్టార్ స్కీమా' అన్నారు. రాల్ఫ్ కింబాల్ 1996లో వెలువరించిన గ్రంథం ఈ పద్ధతికి విస్తృత ప్రచారం తెచ్చింది. ఈ అమరికను కాగితం మీద గీయడం వచ్చిన విద్యార్థికి సగం విద్య వచ్చినట్లే. మిగిలిన సగంలో పెద్ద భాగం ఎస్.క్యూ.ఎల్. 1970వ దశకంలో ఐ.బి.ఎం.లో పుట్టి, 1986లో ప్రమాణ భాషగా గుర్తింపు పొందిన ఆ భాష నేటికీ ప్రతి కంపెనీలోనూ నడుస్తోంది. కానీ కోర్సుల బోర్డుల మీద కనిపించేవి సరుకుల పేర్లు. ఆ పేర్లు యజమానులను మారుస్తూనే ఉన్నాయి. బిజినెస్ ఆబ్జెక్ట్స్‌ను ఎస్.ఎ.పి., కాగ్నోస్‌ను ఐ.బి.ఎం. 2008 నాటికి కొనేశాయి. టాబ్లోను సేల్స్‌ఫోర్స్ 2019లో కొన్నది. మారిపోయే పేరు కోసం మారని నగను అమ్మడం ఎందుకు?

సాధన సామగ్రి చాలావరకు ఉచితంగానే దొరుకుతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేసుకు రూపాయి కట్టనక్కరలేదు. పాత కంప్యూటరు మీద కూడా నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ తన ఎస్.క్యూ.ఎల్. సర్వర్ డెవలపర్ ఎడిషన్‌ను 2016 నుంచి నేర్చుకునేవారికి ఉచితంగా ఇస్తోంది. నేర్చుకోవడానికి, పరీక్షించడానికి మాత్రమే. దానితో వ్యాపారం నడపరాదు. పవర్ బి.ఐ. డెస్క్‌టాప్ కూడా ఉచితమే, అయితే విండోస్ ఉండాలి, తయారుచేసిన నివేదికలను సంస్థలో పంచుకోవాలంటే సాధారణంగా లైసెన్సు కొనాలి. కళాశాలలో చదువుతున్నవారికి టాబ్లో ఏడాదిపాటు ఉచితం. ఎన్.పి.టి.ఇ.ఎల్. డేటాబేసు పాఠాలు వినడానికి ఖర్చు లేదు, ధ్రువపత్రం కావాలంటేనే పరీక్ష రుసుము. ఇంగ్లీషు అడ్డమైన పిల్లలకు ఐ.ఐ.టి. బొంబాయి వారి 'స్పోకెన్ ట్యుటోరియల్'లో లినక్స్, లిబ్రె ఆఫీస్ వంటి తొలిమెట్ల పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి. పెద్ద కంపెనీలకే పరిమితమైన ఒకటి రెండు ఖరీదైన సరుకులు ఉద్యోగంలో చేరాక వారి ఖర్చుతోనే నేర్చుకోవచ్చు. తాళం పగులగొట్టిన దొంగ కాపీలు పెన్‌డ్రైవుల్లో తిరుగుతుంటాయి. ఇంత ఉచితంగా దొరుకుతున్నప్పుడు వాటి అవసరమేమిటో మాకు బోధపడదు. అనుమతి లేనిదే పరుల సొత్తు తీసుకోరాదని పిల్లలకు వేరే చెప్పాలా?

ఇది కేవలం ఉద్యోగాల సంగతి అయితే ఈ పత్రికలో ఇంత చోటు అడిగేవారము కాము. 2006 నవంబరులో వెలువడిన సచార్ కమిటీ నివేదికకు బలం ఎక్కడిది? అంకెలలోంచి వచ్చింది. జనాభాలో 13.4 శాతమున్న ముస్లిములు ఐ.ఎ.ఎస్.లో 3 శాతమే అని లెక్క చూపాక ఎవరూ కాదనలేకపోయారు. ఆ కమిటీ చేసిన సిఫారసుల్లో జాతీయ డేటా బ్యాంకు స్థాపన కూడా ఒకటి. మరోవైపు 2010 ఫిబ్రవరిలో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు 4 శాతం రిజర్వేషన్ చట్టాన్ని కొట్టివేస్తూ, దానికి ఆధారమైన సర్వే శాస్త్రీయంగా లేదని తప్పుపట్టింది. మరుసటి నెల సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల ఆ సౌకర్యం నిలిచింది. లెక్క సరిగా ఉంటే హక్కు నిలబడుతుంది; లెక్క బలహీనమైతే హక్కు వకీలు నోటి మీద ఆధారపడుతుంది. మన లెక్కలు మనమే తీయగల యువకులు, యువతులు మనకు కావాలి.

ఉచితంగా దొరకనివి మూడే: పనిచేసే యంత్రం, రోజూ రెండు గంటలు నిశ్శబ్దమైన చోటు, తప్పు దిద్దే మనిషి. ఈ మూడూ ఒక్కో కుటుంబానికి భారం, జమాఅత్‌కు కాదు. మక్తబ్ పాఠాలు ముగిశాక మస్జిద్‌ను ఆనుకొని ఉన్న గది పగలంతా తాళం వేసి ఉంటుంది. ఆరు వాడిన కంప్యూటర్లు, ఒక నెట్ కనెక్షను చాలు. ఆడపిల్లలకు ప్రత్యేక వేళలు పెడితే అమీర్‌పేట వెళ్లలేని అమ్మాయి తన వీధిలోనే నేర్చుకుంటుంది. రుషికొండ, మధురవాడ కంపెనీల్లో పనిచేసే మన పిల్లలు వారానికొక ఆదివారం వచ్చి తప్పులు దిద్దితే గురువు లోటు కూడా తీరుతుంది. యంత్రాలకు చందాలు, సదఖా వాడవచ్చు. జకాత్ సొమ్ము అర్హుడైన పేద విద్యార్థికి ఏ విధంగా చేరాలన్నది ఉలమాను అడిగి నిర్ణయించాలి. ఇటువంటి గదికి ఖర్చు పెట్టడం, ఒక్కొక్కరి ఫీజుకు విడివిడిగా చేయి చాచడం కన్న గౌరవంగా ఉంటుంది.

అభ్యాసానికి విదేశీ దుకాణాల అమ్మకాల లెక్కలు తీసుకోనక్కరలేదు. 1 నుంచి 8 తరగతుల మైనారిటీ పిల్లలకు కేంద్రం ఇచ్చే ప్రీ-మెట్రిక్ ఉపకారవేతనం 2022-23 నుంచి ఆగిపోయింది. ఆ తరువాత మన మహల్లాలో ఎందరు బడి మానారు, వారిలో ఆడపిల్లలెందరు, ఏ తరగతిలో మానారు? పేర్లు, ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు రాసుకోరాదు. కుటుంబాలు నమ్మి చెప్పిన వివరాలు అమానత్, అవి ఏ వెబ్‌సైటుకూ ఎక్కరాదు. వీధి, తరగతి, సంవత్సరం, సంఖ్య, ఈ నాలుగు గడులు చాలు. మొదటి విద్యార్థి మొదటి నెలలో ఈ పట్టిక తయారుచేస్తే, రెండో నెలలో దాన్ని జిల్లా మైనారిటీ సంక్షేమ అధికారికి కమిటీ తరఫున అందజేయవచ్చు.