గనుల తల్లులు - బిడ్డల యాత్మగౌరవము

తల్లి యుద్యోగమునకు బోయినచో బిడ్డ బుద్ధి మందగించునని మన పెద్దమనుష్యులు తఱచు పలుకుచుందురు. రామగుండము, గోదావరిఖని బొగ్గు ప్రాంతమును దృష్టియందుంచుకొని మేమీ మాటను పరీక్షింప దలచితిమి.

1952 నాటి గనుల చట్టము స్త్రీలు భూగర్భమున పనిచేయుటను నిషేధించెను. ఉపరితలమునను రాత్రిపని కూడదనెను. 2019లో కేంద్ర ప్రభుత్వము ఆ నిర్బంధమును సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ కార్యములకు వారిని గనిలోనికి రానిచ్చెను. అయితే సింగరేణి కొలువులో పలువురు స్త్రీలు చేరినది భర్త మరణానంతరము, కారుణ్య నియామకము చేతనే. అట్టి యింటి బిడ్డకు తండ్రి లేమియు, పగలు తల్లి లేమియు నొక్కమాఱే సంభవించును. బిడ్డ దిగులునకు లోకము రెండవదానినే కారణముగా జూపుచున్నది. ఇది న్యాయము కాదు.

మన పొలములలో నాట్లకు, కలుపులకు వచ్చు తల్లుల బిడ్డలను గూర్చి మనమెన్నడైన నీ ప్రశ్న వేసితిమా? జీతము గొను తల్లినే యేల నిలదీయుదుము?

తన పేర మస్టరు పడి, అప్పులవాని గుమ్మము త్రొక్కక పుస్తకము కొనియిచ్చు తల్లిని జూచిన బిడ్డ తలయెత్తి నడచును. ఆడుబిడ్డకిది మఱింత బలము. సృజనశక్తి మాట వేఱు. అది తీరికను, పలుకరించు మనిషిని కోరును. తెల్లవాఱకమున్నే వంట ముగించి మొదటి షిఫ్టునకు పరుగిడి, మరలివచ్చి అంట్లలో, బట్టలలో మునుగు తల్లికి బిడ్డ గీసిన బొమ్మను జూచు నోపిక యెక్కడిది? దోషము ఉద్యోగముది కాదు. ఇంటిచాకిరి యంతయు నామెకే వదలిన మగవారిది.

50 మందియో అంతకుమించియో పనివారున్న సంస్థలు శిశుసంరక్షణాలయము నుంచవలెనని 2017 నాటి ప్రసూతి చట్ట సవరణ విధించెను. అది పసివారికి చాలును. బడియీడు పిల్లల మాటయేమి? సింగరేణి విద్యాసంఘము పాఠశాలలను నడుపుచున్నది. ఆ గదులను సాయంకాలము రెండు గంటలు తెఱచియుంచి, కథలు, చిత్రలేఖనము, నాటకము నేర్పించుట కొండంత వ్యయము గాదు.

ఈ సంస్థలో నూటికి 51 పాళ్లు రాష్ట్రమువి, 49 పాళ్లు కేంద్రమువి. అనగా సర్వము ప్రజలదే. బొగ్గు లెక్కలు టన్నులలో జెప్పు ప్రభుత్వములు ఆ బొగ్గుపై బ్రతుకు బిడ్డల లెక్కను గూడ నొప్పజెప్పవలెను. తల్లిని కొలువు మానుమనుట సులభము. ఆమెకు తోడుపడుటయే ధర్మము.