వితంతువు పేర పట్టా

మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలు మెట్టసీమలు. ఇచ్చటి రైతు వానను నమ్మి వేరుసెనగను, బోరుబావిని నమ్మి టమాటను వేయును. ఈ రెండు నమ్మకములును పలుమారు వమ్మగుచుండును. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టున కిలో టమాట రెండువందల రూపాయలకు చేరువయ్యెను. కొలదివారములలోనే ఆ ధర కూలిపోయెను. ఇట్టి జూదమున అప్పులపాలై బలవన్మరణము పొందిన రైతులు కలరు. రైతు పోయినను అప్పు పోదు. అది భార్య తలపై బడును.

అట్టి యిల్లాలు ఏడ్చుచు కూర్చుండుటకు తీరిక యెక్కడిది? పెద్దకర్మ ముగియగానే బంధువులు తమ యూళ్లకు మరలుదురు. యజమాని లేడని కొట్టములోని యావు పాలు చేపుట మానదు. వేకువనే లేచి పాలు పితికి కేంద్రమునకు పోసి, పిల్లలను బడికంపి, ఆమె కూలికి పోవును. ఈ శ్రమయే ఆమెకు క్రమముగా ధైర్యమగుచున్నది.

ఆ ధైర్యమునకు ఆధారమైనవి రెండు పుస్తకములు. మొదటిది పొదుపుసంఘపు పుస్తకము. 2000 సంవత్సరమున వెలుగు పథకము ప్రారంభమైన ఆఱు జిల్లాలలో చిత్తూరొకటి. తాకట్టుకు సెంటు భూమి లేని స్త్రీకి తోటి స్త్రీల పూచీయే తాకట్టయ్యెను. రెండవది పాలపుస్తకము. తిరుపతి కేంద్రముగా 2014లో ఏర్పడిన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల సంస్థలో పాలు పోయు స్త్రీలే యజమానురాండ్రు. ఈ రెండింటను ఆమె పేరు కలదు.

మూడవ పుస్తకమగు భూమి పాసుపుస్తకమున మాత్రము ఆమె పేరు తఱచుగా కానరాదు. 1956 హిందూ వారసత్వ చట్టము భర్త ఆస్తిలో భార్యకు కొడుకుతోను కూతుతోను సమానముగా సంపూర్ణ హక్కునిచ్చినది. అయినను పొలము మామగారి పేరనో, గతించిన భర్త పేరనో యేండ్లతరబడి నిలిచియుండును. పట్టా లేనిదే పంటఋణము పుట్టదు. బలవన్మరణము పొందిన రైతు కుటుంబమునకు 2004లో లక్షన్నర రూపాయలుగా నిర్ణయింపబడిన సాయము 2019లో ఏడులక్షలైనది. మొత్తము పెరిగినది గాని, కాగితములు చూపవలసిన భారము ఆమెపైనుండి తొలగలేదు.

ఆడుదాని పేర వ్రాసినచో పొలము పరులపాలగునని పెద్దలందురు. వారిని మేమొక్కటి యడిగెదము: అప్పు తీర్చుటకు ఆమె కావలెను, పొలమునకు మాత్రము ఆమె పనికిరాదా?

1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు వితంతువివాహము జరిపించి, మారుమనువు కోరిన స్త్రీకి త్రోవ చూపిరి. మారుమనువు కోరక, బిడ్డలతో ఉన్నయూరనే నిలువదలచిన స్త్రీకి త్రోవ పట్టాయే. మరణము నమోదైనంతనే రెవెన్యూవారు తామై పట్టామార్పునకు పూనుకొనవలెను. ఆమెను కచేరి చుట్టును త్రిప్పరాదు.

పట్టణములందలి చదువరులకును ఇందు పని కలదు. పఠనాలయములలో వారమునకొక సాయంకాలము ఇందుకై కేటాయింపుడు. మరణధ్రువపత్రమునకు, కుటుంబసభ్యుల ధ్రువపత్రమునకు, పట్టామార్పునకు అర్జీలు వ్రాసియిండు. అవసరమైనచో తాసిల్దారు కచేరికి తోడు పొండు. ఆమె కన్నీరు ఆమెయే తుడుచుకొన్నది. అర్జీ వ్రాయుటైనను మనవంతు కావలదా?