ఏడు సముద్రాల అవతలి చిలక

మాయల ఫకీరు ప్రాణం ఎక్కడ ఉండేదో మీరు వినే ఉంటారు. ఏడు సముద్రాల అవతల, ఒక చిలకలో! అందుకే అతన్ని ఎంత కొట్టినా చచ్చేవాడు కాదు.

ఇప్పుడు కంప్యూటర్లవాళ్ళు చేసేదీ ఇంచుమించు అదే. ఒక పెద్ద కంప్యూటరులో అనేక ఉత్తుత్తి కంప్యూటర్లను సృష్టిస్తారు. వీటిని వర్చువల్ మెషీన్లంటారు. ముట్టుకోవటానికి ఏమీ ఉండదు. పాటలూ ఫొటోలూ దాచుకునే ఫైలు వంటిదే ఆ యంత్రం కూడాను. అందుచేత దానికి నకలు తీసి, దూరాన దాచవచ్చు. అసలుది పాడైతే ఆ నకలును వేరొక కంప్యూటరులో మేల్కొలుపుతారు. అయితే, నకలు తీసిన తరవాత చేసిన పని మాత్రం తిరిగి రాదు.

ఇలా దాచే చోటును క్లౌడ్, అంటే మబ్బు, అంటారు. నిజానికి అది నేలమీది భవనాలలో బారులు తీరిన యంత్రాలే. భవనమన్నాక నిప్పంటుకోవచ్చు గదా!

2021 మార్చి 10న అలాగే జరిగింది. ఫ్రాన్సులో, స్ట్రాస్‌బర్గ్ నగరంలో, ఓవీహెచ్ క్లౌడ్ సంస్థవారి అయిదంతస్తుల భవనం ఒకటి అర్ధరాత్రి దాటాక అంటుకుని పూర్తిగా కాలిపోయింది. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బలు తగలలేదు. కాని ‘రస్ట్’ అనే ఆటను నడిపే 25 సర్వర్లలోని సమాచారం పోయింది. ఆటగాళ్ళు అందులో కట్టుకున్న కోటలన్నీ మాయం!

అంతకన్న వింత మరొకటి. ఒక కంపెనీవారు డబ్బిచ్చి మరీ నకలు దాయించుకున్నారు. తీరా చూస్తే, ఫకీరు చిలకను చంకలో పెట్టుకున్నట్టు, ఆ నకలున్నదీ కాలిన భవనంలోనే! పాపం, వారు కోర్టుకెక్కారు.