ఓడ యడుగున వచ్చు విపత్తు

కోరుకొండకు సముద్రము దూరము. ఓడల యడుగున నేమి పెరిగిన మాకేమని యచ్చటి రైతులనవచ్చును. కాని డెల్టా కాలువలను గుఱ్ఱపుడెక్క యెట్లు కమ్మివేయునో మన సీమలో నెఱుగనివారు లేరు. ఆ మొక్క మన దేశపుది కాదు, దక్షిణ అమెరికాది. పూవు చూచి ముచ్చటపడినవారు పోయిరి, దానిని తీయించు ఖర్చు మనకు మిగిలినది. నేడు మేము వ్రాయునది దానికి సముద్రమునందలి తోబుట్టువును గూర్చి.

1967లో విశాఖపట్టణపు రేవులో నొక క్రొత్త ఆలిచిప్ప కనబడెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చెందిన జంతుశాస్త్రజ్ఞులు పి. ఎన్. గణపతిగారును వారి సహచరులును 1971లో దానిని శాస్త్రలోకమునకు తెలిపిరి. నేడు దానిని మైటిలాప్సిస్ సల్లీ యందురు. స్వస్థలము కరీబియన్ తీరము. ఓడల కంటుకొని వచ్చెనని పండితుల తలంపు. పిమ్మట ముంబయిలోను కేరళపు టుప్పుటేళ్లలోను బయల్పడెను.

నీటిలో నుంచిన యే వస్తువుపైనైనను కొలదికాలములోనే సూక్ష్మజీవుల జిగురుపొర యేర్పడును. దానిపై నాచు, ఆపై బార్నకిల్లను సున్నపుగుల్లలు, గొట్టపుపురుగులు, ఆలిచిప్పలు కాపురముండును. చలిదేశములలో శీతకాలమున నీ పని మందగించును. మన వెచ్చని నీటిలో నేడాది పొడుగునను సాగును. ఓడ మందముగా నడచును, నూనె యధికముగా కాలును. ఇది యజమాని నష్టము. తీరమునకు కలుగు కీడు వేఱు. ఈ చిప్ప ఉప్పు హెచ్చినను తగ్గినను, మురుగైనను చావదు. గట్టి చోటెల్ల గుంపులుగా నాక్రమించి దేశీయములైన గుల్లలకు తావు లేకుండ జేయును. చెన్నపట్టణమున కుత్తరముననున్న ఎన్నూరు ఉప్పుటేటిలో చార్రు అను మఱియొక విదేశపు ఆలిచిప్ప దుప్పటివలె నేలను కప్పుచున్నదనియు, రొయ్యలకు బురద కఱవైనదనియు బెస్తవారు మొఱపెట్టుకొనిరి. కాకినాడ అఖాతమును, కోరింగ మడయడవుల పాయలును అట్టి నీళ్లే గదా!

మనుష్యుడు కనిపెట్టిన మందు రోగమును మించినది. ట్రైబ్యుటిల్‌టిన్ అను తగరపు విషమును ఓడల రంగులలో కలిపిరి. గుల్లలు చచ్చినమాట నిజమే. కాని యాడునత్తలకు మగలక్షణములు పుట్టెను, ఫ్రాన్సునందలి ఆర్కషాన్ అఖాతమున ఆయిస్టర్ల సాగు చితికెను. 2001 నాటి అంతర్జాతీయపు టొడంబడిక 2008లో అమలునకు వచ్చి దానిని నిషేధించెను.

ఓడలు తమ గర్భమున మోయు నీటిని గూర్చిన యొడంబడిక 2017 నుండి అమలులో నున్నది. అడుగును గూర్చియో, 2011లో వ్రాసి 2023లో సవరించిన సూత్రములే దిక్కు. వానిని పాటించుట యోడవారి యిష్టము. ఇష్టమునకు విడిచిన విధి యెట్లు నెఱవేఱునో మా పాఠకులకు చెప్పనేల? న్యూజిలాండువారు శుభ్రమైన యడుగుతోనే రావలెనని 2018లో శాసించిరి. ఆస్ట్రేలియాలోని డార్విన్ పట్టణమున 1999లో ఈ చిప్పయే కనబడగా, ప్రభుత్వమువారు మూడు పడవరేవులను మూసి, క్లోరినును మైలుతుత్తమును పోసి, కొలది వారములలో దానిని నిర్మూలించిరి. మనము 1967 నుండి చూచుచున్నాము.

కాకినాడకును విశాఖకును వచ్చు ఓడల యడుగు పరీక్షించు నధికారము శాసనపూర్వకముగా నుండవలయును. గోకిన చెత్తను నీట పాఱవేయక గట్టునకు చేర్పవలయును. ఖర్చు ఓడ యజమానులదే. కోరింగ పాయలలో నేటేట వెదకించుట విశ్వవిద్యాలయములకు పెనుభారము కాదు. బెస్తవారికి బొమ్మ చూపి, క్రొత్తచిప్ప తెచ్చినవారికి కొంత బహుమతి యిచ్చినచో నింకను వేగముగా తెలియును.