కల్లులో కల్ల

కోరుట్లలో ఒక పెండ్లి విందున నా పూర్వవిద్యార్థి, గీతవృత్తి కుటుంబంవాడు, నన్ను నిలదీశాడు. "సార్, కాలం మారింది. పోరగాండ్లకు బీరే కావాలె. కల్లు గూడ సీసల, సల్లగ, తియ్యగ ఇస్తె తప్పేంది?" ఆ సందడిలో జవాబు చెప్పలేకపోయాను. నేను పానప్రియుణ్ణి కాను; కనుక మాట్లాడే అర్హత లేదనేవారు ఇక్కడే ఆగవచ్చును.

పోటీకి దిగడం తప్పు కాదు. ఇంగ్లండులో టాడ్‌కాస్టర్ అనే చిన్న ఊళ్ళో 1758 నాటి శామ్యూల్ స్మిత్ బ్రూవరీ ఉన్నది. ఏల్ అనే తమ సంప్రదాయపు బీరుకు పేరుపడినవారు, జనం లాగర్ వైపు మొగ్గితే లాగరును కూడా స్వయంగా కాచుకున్నారు. 'లాగర్' అనే జర్మన్ మాటకు నిలువ అని మూలార్థం. చలువలో వారాలకొద్దీ నిలువ ఉంచితే గాని అది సిద్ధించదు. వారు పరాయి రుచిని చేపట్టారే గాని అందుకు వలసిన ధాన్యాన్ని, కాలాన్ని ఎగవేయలేదు.

మన దుకాణాలు చేసినదేమిటి? బీరునుండి సీసాను గ్రహించి, చెట్టును వదలివేశాయి!

లెక్క చూడండి. ఏ చెట్టూ ఏడాది పొడుగునా ఒకే తీరున పారదు. పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అని ఋతువునుబట్టి తాళ్ళు మారుతాయి; ఈతచెట్టుకు విరామమివ్వాలి. దించిన కల్లు ఉదయం తీపి, మధ్యాహ్నానికి పొంగు, మర్నాటికి పులుపు. గాలిలోని ఈస్టు ఎవరి ఆజ్ఞకూ ఆగదు. మరి జగిత్యాలలోనైనా, సిరిసిల్లలోనైనా, పన్నెండు నెలలూ ఒకే తీపితో, ఒకే మత్తుతో సీసాలు నింపే దుకాణం కనబడితే, ఆ కల్లు ఏ వనంలో పారినట్టు? తీపి శాకరిన్‌ది. మత్తు క్లోరల్ హైడ్రేటుది, డైజిపామ్‌ది, ఆల్ప్రజోలామ్‌ది. కల్లుకు, కల్లకు మధ్య ఒక్క కొమ్మే భేదమని తరగతిలో నవ్విస్తూ చెప్పేవాణ్ణి. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి పలువురు మరణించిన వార్త చదివిన తరువాత ఆ చమత్కారం నాకే చేదెక్కింది.

సిరిసిల్లలో సాంచెల మీద పన్నెండు గంటలు నిలబడి వచ్చే కార్మికుడు అడిగేది ఒళ్ళునొప్పికి కాస్త ఊరట. వానికి అమ్మేది మందులషాపులో చీటీ లేకుండా ఇవ్వకూడని మందు! మానితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. అది కల్లు అలవాటు కాదు, మాత్రల బానిసత్వం. అయినా నింద మాత్రం మోకు, ముస్తాదు కట్టుకొని ప్రాణం అరచేత పట్టుకొని తాడెక్కే గీతవానికే దక్కుతున్నది. పైగా 2015లో ప్రభుత్వం సూక్ష్మ బ్రూవరీలకు ద్వారాలు తెరచినది మొదలు, నగరంలో అప్పటికప్పుడు కాచిన బీరు నాగరికత అయింది. అప్పటికప్పుడు దించిన కల్లు మాత్రం మోటుతనంగానే మిగిలింది. తాజాదనం ఒకచోట గొప్ప, మరొకచోట నామోషీ ఎట్లా అవుతుందో ఏ వ్యాకరణమూ నాకు చెప్పలేదు.

నాయనా, నీ ప్రశ్నకు ఇదే జవాబు. సీసాలోనే పోయి. చల్లగానే ఇయ్యి. కాని ఆ సీసా మీద ఏ ఊరి చెట్టో, తాడో ఈతో, ఏ పూట దించినదో వ్రాయి. చెట్లు పారని నెలలో దుకాణానికి తాళం వెయ్యి. అట్లా చేసిననాడు, తాగని ఈ పంతులే నీ దుకాణం పేరు నలుగురికీ చెబుతాడు.