ఎవరి బాకీ ఎవరు తీర్చవలెను?

విద్యార్థుల అప్పులను మాఫీ చేయదలచిన అమెరికా ప్రభుత్వ పథకమును అచ్చటి సుప్రీంకోర్టు 2023లో కొట్టివేసినది. అక్కడ ప్రధాన ఋణదాత ప్రభుత్వమే. మనకు అప్పిచ్చునది బ్యాంకు; మాఫీ యనగా పన్నుల సొమ్ముతో చెల్లించుటయే. బడి ముఖమెరుగని కూలివాని పైసయు అందులో నుండును.

పులివెందుల శాసనసభ్యుడు రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తెచ్చిన ఫీజు రీయింబర్సుమెంటు వేరు మార్గము: అప్పు పుట్టకముందే ఆపుట. కాని ఆ సొమ్ము సకాలమున రానినాడు కళాశాల సర్టిఫికెట్టును పట్టియుంచును. ప్రొద్దుటూరులో తల్లి గొలుసు కుదువకు పోవును. జమ్మలమడుగు రైతు వడ్డీకి తెచ్చును. ప్రభుత్వపు బాకీ విద్యార్థి బాకీ యగును.

కనుక సర్వమాఫీ తగదు. ఉద్యోగము దొరకనివారికి గడువును, వడ్డీ విడుపును ఈయవలెను. అంతకుముందు ప్రభుత్వము తన బాకీని తీర్చవలెను. తానే బాకీపడి పరుల అప్పు మాఫీ చేసెదననుట దాతృత్వము కాదు.