‘మనం’, ‘మేము’

ఉర్దూలో ‘హమ్’ ఒక్కటే. తెలుగులో దానికి రెండు మాటలు. ఎదుటివారిని కలుపుకుంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేము’. మనకు ఈ తేడా ఎవరూ నేర్పలేదు, ఉగ్గుపాలతోనే వచ్చేసింది. కానీ ఫలక్‌నుమా గల్లీల్లో పుట్టి, ఇంట్లోనూ వాకిట్లోనూ ఉర్దూయే విని పెరిగిన పిల్లకు అది ఒత్తులూ గుణింతాలకన్నా పెద్ద చిక్కు. ‘టీచర్, నిన్న మనం మామూ ఇంట్లో దావత్‌కి వెళ్లాం’ అంటుంది. పాపం, టీచర్ ఆ దావత్‌కి వెళ్లనే లేదు! వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వుతారు. ఆ పిల్ల మళ్లీ తెలుగులో నోరు విప్పుతుందా లేదా అన్నది ఆ నిమిషంలో టీచర్ ఏం చేస్తుందన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఫలక్‌నుమా అనగానే చాలామందికి కొండమీది ప్యాలెస్ గుర్తొస్తుంది. నవాబ్ వికార్-ఉల్-ఉమ్రా 1884లో పని మొదలుపెట్టించిన ఆ మేడ 2010 నుంచి పెద్ద హోటల్. కొండ దిగితే ఇంజన్‌బౌలి, వట్టెపల్లి, ఇరుకు సందులు, ఆటోలు నడిపే తండ్రులు, ఇంటిపట్టునే జరీపని చేసే తల్లులు. ఈ సందుల్లో తెలుగు రాకపోయినా పూట గడిచిపోతుంది. ఇబ్బందల్లా రైలెక్కి ఊరికి అవతల దిగినప్పుడే. నర్సు కావాలన్నా, కండక్టరు కావాలన్నా, పోలీసు కొలువు చేయాలన్నా ఎదురొచ్చే మనిషి తెలుగులో మాట్లాడతాడు. అక్కడ ఆగిపోయేది తెలివి లేక కాదు, భాష లేక.

2017లో ఉర్దూ తెలంగాణ అంతటా రెండో అధికార భాష అయింది. మరుసటి ఏడాదే అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. రెండూ మెచ్చదగ్గవే. అయితే చట్టం పిల్లల్ని తెలుగు పీరియడ్‌లో కూర్చోబెట్టగలదంతే. ఉర్దూ మీడియం పిల్లవాడు నోటుపుస్తకం తెరిచేది మనం చివరిపేజీ అనుకునే వైపు నుంచి. అతని చెయ్యి కుడినుంచి ఎడమకు అలవాటు పడింది. ‘ణ’, ‘ళ’ అతని భాషలో లేవు. మనం ‘అమ్మ వచ్చింది’ అంటాం, ‘బస్సు వచ్చింది’ అనీ అంటాం. అదేంటి టీచర్, అమ్మకీ బస్సుకీ ఒకటే మాటా అని అడిగితే ఏం చెబుతాం? తెలుగువాళ్లం మనమే ఎన్నడూ ఆలోచించని ప్రశ్న అది.

ఇక్కడే ఉర్దూ తెలిసిన తెలుగు టీచర్ విలువ తెలుస్తుంది. ఆమె అక్షరాలతో మొదలుపెట్టదు. కుర్చీ, దర్వాజ, జేబు, రుమాలు, ఖర్చు, జవాబు అని బోర్డు మీద రాసి, ‘ఇవన్నీ మీ ఇంటినుంచి మా ఇంటికి వచ్చినవే’ అంటుంది. రోజూ పొద్దున పిలిచే ‘హాజరు’ కూడా అంతే. ఇక హైదరాబాదీ దఖ్నీలో ఒక తమాషా ఉంది. ‘ఆతూం బోల్‌కే బోలా’ అంటారు చూడండి, అది అచ్చం మన ‘వస్తానని చెప్పాడు’ వరసే. లక్నో ఉర్దూలో ఇలా అనరు. శతాబ్దాలుగా పక్కపక్కన బతికిన తెలుగు వంటి భాషల పోకడ దఖ్నీలోకి అలా చేరిందంటారు భాషావేత్తలు. తెలుగు రాదని తల దించుకున్న పిల్లకు సగం తెలుగు వాక్యం తన నోట్లోనే ఉందని తెలిస్తే ఆ మొహం ఎలా వెలుగుతుందో ఊహించుకోండి.

మన తెలంగాణ పెద్దలకు ఈ కష్టం కొత్తది కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు చదువు ఉర్దూలోనే. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ అన్న కాలంలో ఎందరో తెలుగు పిల్లలు బిక్కమొహం వేసుకుని కూర్చున్నారు. ఆ రోజుల్లోనే చదువుకున్న దాశరథి తర్వాత గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చారు. ఆదిలాబాద్‌లో పంతులుగా పనిచేసిన సామల సదాశివ ఉర్దూ కవులను, హిందుస్తానీ సంగీతాన్ని తెలుగువాళ్ల ముంగిట్లోకి తెచ్చి, 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. బెంచీ అదే, కూర్చున్నవాళ్లు మారారు.

ప్రపంచంలో మరోచోటా ఇదే గొడవ. అమెరికాలో స్పానిష్ మాట్లాడే ఇళ్లనుంచి లక్షల మంది పిల్లలు ఇంగ్లిష్ బడులకు వస్తారు. అర్థంకాని భాషలో అందరికీ ఒకే పుస్తకం ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని 1974లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా పిల్లల తరఫున వేసిన కేసు అది. లాభపడ్డవాళ్లలో స్పానిష్ పిల్లలూ ఉన్నారు.

మన దగ్గర తెలుగు మాతృభాష కాని పిల్లల కోసం ‘వెన్నెల’ అనే తేలిక వాచకం ఉంది. సీబీఎస్‌ఈ వంటి బడుల్లో తొమ్మిది, పది తరగతులకు దాన్నే వాడమని 2025లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. బాగుంది. కానీ పుస్తకం ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడదు కదా. కూతుర్ని ఎనిమిదిలోనే మాన్పించేద్దామనుకుంటున్న తల్లికి దఖ్నీలో నచ్చజెప్పాలి. ఆఫీసునుంచి వచ్చిన తెలుగు నోటీసులో ఏముందో చదివి చెప్పాలి. ఇవేవీ టీచర్ డ్యూటీ చార్టులో ఉండవు.

దఖ్నీ పట్టుబడటానికి, గల్లీలో నలుగురూ నమ్మడానికి రెండు మూడేళ్లయినా పడుతుంది. సరిగ్గా అప్పుడే బదిలీ జాబితాలో పేరొస్తే? కొత్తగా వచ్చినవారికి హమ్ అంటే ఏమిటో పిల్లలే నేర్పాలి. పాతబస్తీలో తెలుగు చెప్పాలని తమంతట తాము కోరుకునే టీచర్లను అక్కడే ఉండనివ్వడానికి, చేరినవారికి వేసవిలో నెల్లాళ్లు ఉర్దూ నేర్పించడానికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు.